మంచు త్రోవలు – నాలుగు చక్రముల బలము



నల్లగొండ, పాలమూరు సీమలలో హిమము కురియదు. మనము మంచు అని పిలుచునది తెల్లవారుజామున జొన్నచేల మీద పడి, పొద్దెక్కగానే ఆరిపోవు తుషారము. త్రోవలపై మోకాలిలోతు పేరుకొని, బండ్ల క్రింద నలిగి నలిగి అద్దమువలె గట్టిపడు హిమము వేఱు. దానితో దేవరకొండ, నాగరుకర్నూలు పెద్దలకు పనియేమి యని మీరడుగవచ్చును. షికాగోలోనో, మినసోటాలోనో, టొరంటోలోనో కొడుకో మనుమరాలో ఉన్న యిండ్లు నేడు మన యూళ్లలో తక్కువ కావు. మార్గశిరము మొదలు ఫాల్గునము వరకు ఆ బిడ్డలు పనులకు పోవలసినది ఈ హిమము మీదనే.

మా వీధి పెద్దమనిషి యొకరు ఇటీవల నాతో, “సారూ, మావోడు నాలుగు చక్రాలు గుంజే కారు కొన్నడు, ఇగ మంచుకు భయం లేదు” అనెను. ఆ మాటలో కొంత నిజము కలదు. కాని ఆ ధైర్యమే అపాయమునకు దారితీయగలదు. ఎట్లో మనవి చేసెదను.

ఎడ్లబండిలో చక్రము బండిని లాగదు. లాగునవి ఎడ్లు, నేలను పట్టునవి వాని గిట్టలు, చక్రము ఊరక దొర్లును. మోటారుబండికి ఎడ్లు లేవు గనుక చక్రమే దానికి గిట్ట. ఇంజను త్రిప్పగా చక్రము నేలను వెనుకకు నెట్టును, ఆ నెట్టుడుకు బదులుగా బండి ముందుకు సాగును. నేల జారుడైనచో చక్రము ఉన్నచోటనే గిరగిర తిరుగును. సాధారణమైన కారులో ఇట్టి గిట్టలు రెండే, ముందరివి గాని వెనుకవి గాని. తక్కిన రెండును ఎడ్లబండి చక్రములవలె దొర్లునవే. నాలుగింటికిని ఇంజను బలమందించు ఏర్పాటును ఫోర్‌వీల్ డ్రైవు అందురు. ఇది క్రొత్తది కాదు. స్పైకర్ అను డచ్చి కంపెనీ 1903లోనే అట్టి కారును చేసెను.

ఇందొక చిక్కు కలదు. మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరము పోవలెను, లోపలిది తక్కువ. అందుకై ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అను పండ్లచక్రముల పెట్టె నుంచిరి. అది రెండు చక్రములను వేర్వేరు వేగములతో తిరుగనిచ్చును గాని బలమును సమముగా పంచును. ఒక చక్రమునకు పట్టు చిక్కక, అది కొద్దిపాటి బలముతోనే తిరిగిపోవుచుండెనేని, గట్టినేల మీదనున్న దానికిని ఆ కొద్దిపాటియే దక్కును. మిర్యాలగూడెము వైపున, సాగరు ఎడమకాలువ క్రింద, మడి దున్ను రైతు దీనిని ఏ పుస్తకము చదువకయే ఎరుగును. ట్రాక్టరు చక్రమొకటి బురదలో తిరుగుచు రెండవది కదలక నిలిచినప్పుడు అతడు కాలిక్రింది లాకు త్రొక్కును. రెండు చక్రములును ఒక్కటిగా తిరిగి బండి బయటపడును. గట్టు ఎక్కగానే లాకు వదలును. వదలకున్న బండి సరిగా మళ్లదు.

1941 మొదలు అమెరికా సైన్యమునకై వేలకొలది తయారైన విల్లీస్ జీపులో ముందరి ఇరుసును వెనుక ఇరుసుతో కలుపుటకు ఒక పిడి యుండెను. బురదలోను మంచులోను దానిని వేయవలెను, ఎండిన రోడ్డుపై తీయవలెను. నేటి కార్లలో ఏ చక్రము జారుచున్నదో యంత్రమే కనిపెట్టి బలమును అటునిటు మార్చును. నడుపువాడు ఎరుగను కూడ ఎరుగడు. ఈ ఎరుగకపోవుట యందే ప్రమాదము దాగియున్నది.

ఇంతదనుక చెప్పినది కదలుటను గూర్చి. ఆగుట సంగతి వేఱు. బ్రేకు త్రొక్కినప్పుడు ఎన్ని చక్రములు లాగుచున్నవను ప్రశ్నకు చోటు లేదు. నేడు బ్రేకులు ఏ కారుకైనను నాలుగు చక్రములకు ఉన్నవి. లాగెడి చక్రములు రెండైన కారును నాలుగైన కారును, టైర్లు ఒక్కరీతివైనచో, ఇంచుమించు ఒక్క దూరముననే నిలుచును. లెక్క చూడుడు. గంటకు 50 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు సుమారు 14 మీటర్లు. ఎండిన తారురోడ్డుపై ఘర్షణ గుణకము 0.7 అనుకొన్న, బ్రేకు పట్టినది మొదలు 14 మీటర్లలో బండి నిలుచును. నలిగిన హిమముపై అది 0.2 అనుకొన్న 49 మీటర్లు పట్టును. నున్నని గడ్డమంచుపై 0.1 అనుకొన్న 98 మీటర్లు. కన్ను చూచి కాలు కదలుటకు పట్టు సెకను కాలములో పోవు 14 మీటర్లను దీనికి కలుపవలెను. బండి బరువును నేను లెక్కలో వేయలేదని మీకు తోచవచ్చును. బరువు పెరిగిన నేలపై పట్టును పెరుగును, ఆపవలసిన ఊపును అంతే పెరుగును. కావున పెద్దబండి యగుటచే త్వరగా ఆగునను తలంపు సరికాదు.

మనుచరిత్రమున ప్రవరుని కథ మీరెరిగినదే. పాదలేపము అతనిని కోరినంతనే హిమవంతమునకు చేర్చెను. అచ్చటి మంచున లేపము కరగిపోగా ఇల్లు చేరు దారి మూసికొనిపోయెను. లేపమిచ్చిన సిద్ధుడు దాని మహిమనే చెప్పెను గాని మంచు సంగతి చెప్పలేదు. కార్ల అంగడివారును అట్టివారే.

రెండు చక్రములే లాగు కారులో కూర్చున్నవాడు ఇంటి ముంగిటనే చక్రము జారుటను గ్రహించి జాగ్రత్తపడును. నాలుగు లాగు కారు జారక కదలును, గట్టెక్కును, వేగమందుకొనును. త్రోవ మంచిదను భ్రమ కలుగును. నిజము తెలియునది మొదటి మలుపులోనో, ముందరి బండి ఆగినప్పుడో. మలుపు తిరుగుటకు కావలసినదియు ఆ నేలపట్టే. గరిసెలో నున్న గింజలనే తిండికిని విత్తనమునకును కూలికిని పంచుకొందుము గదా. టైరు పట్టును అట్లే లాగుటకు, మళ్లుటకు, ఆగుటకు పంచుకొనవలెను. మలుపు నడుమ బ్రేకు గట్టిగా త్రొక్కినచో మళ్లుటకు మిగులునది స్వల్పము. వేగము తగ్గించుట మలుపునకు ముందే జరుగవలెను.

దిగుడులో మాత్రము ఈ బండ్లకొక మేలు కలదు. చిన్న గేరులో దింపునప్పుడు ఇంజను పట్టుదల రెండు చక్రములకు గాక నాలుగింటికిని పంచబడును, బండి నిదానముగా దిగును. మనాలి మార్గమున 2020లో తెరచిన అటల్ సొరంగము దాటి హిమము చూడబోవు మన యాత్రికులకు, అచ్చటి డ్రైవర్లు చిన్న గేరునే నమ్ముట కనబడును. బరువుబండిని వాలులో దింపిన సేద్యగాండ్రకు ఈ నెమ్మది క్రొత్త గాదు.

అసలు పట్టు నిచ్చునది టైరు. మామూలు రబ్బరు చలికి బిఱుసెక్కును. చలికాలపు టైర్ల రబ్బరు 7 డిగ్రీల సెల్సియసుకు దిగువను గూడ మెత్తగా నుండును. దానిపై సన్నని కోతలు వందలకొలది యుండును. ఇక్కడొక వింత చెప్పెదను. గద్వాల, ఆలంపురములు 2016 వరకు మహబూబునగరు జిల్లాలోనివే. అచ్చటి నల్లరేగడి టైరు గాళ్లలో నిండినచో టైరు నున్ననై బండి జారును. హిమము గాళ్లలో నిండుట మాత్రము మేలు. హిమము హిమమును పట్టుకొనును. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రము 2008 నుండి చలికాలపు టైర్లను చట్టముచే తప్పనిసరి చేసినది. నాలుగు చక్రములు లాగు కార్లకును అందు మినహాయింపు లేదు. ఆ టైరు ప్రక్కన మూడు శిఖరముల కొండయు, దానిలో మంచుపూవును ముద్రింపబడి యుండును.

గడ్డమంచులో ఒక రకము కంటికి కనబడదు. పలుచని పొర గుండ తారు నలుపే కనబడును గాన రోడ్డు తడిసినట్లు మాత్రమే తోచును. క్రింద గాలి యాడు వంతెనలపై ఇది ముందుగా కట్టును.

కావున ఈ చలికాలమున బిడ్డలతో మాటలాడునప్పుడు ఏ కారు కొంటివని యడిగిన పిమ్మట, నాలుగు చక్రములకును చలి టైర్లు వేయించితివా యని యడుగుడు. రెండింటికే వేయించిన వెనుకభాగమో ముందుభాగమో అదుపు తప్పును. ముందరి బండికి ఎంత యెడము విడుచుచున్నావని యడుగుడు. మనకు సాయంకాలము ఏడు గంటలైనప్పుడు, చలికాలపు గడియారము చొప్పున, షికాగోలో ఉదయము ఏడున్నర, వారు రోడ్డుమీద నుండు వేళ. ఆ సమయమున ఫోను చేయక, మన భోజనములైన తరువాత చేయుడు.