సూక్ష్మజీవులు వండిన ఔషధములు



మన ప్రాచీన వైద్యులు ఔషధములను చెట్టుచేమలనుండియే గాక జంతువులనుండియు గ్రహించిరి. గోరోచనము గోవు పిత్తాశయమున దొరకునది. కస్తూరి మగమృగము బొడ్డుకడ నుండు తిత్తిలోనిది. కావ్యములలో కస్తూరీతిలకమును జదివి యానందించు మనకు, దాని వెనుక నున్న వేటగాడు గుర్తునకు రాడు.

పాశ్చాత్యవైద్యమును ఈ త్రోవనే నడచినది. 1921లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అను పరిశోధకులు కుక్కల క్లోమమునుండి ఇన్సులిన్‌ను తీసిరి. మరుసటి యేడు మధుమేహముతో కృశించిపోవుచున్న పదునాలుగేండ్ల బాలుని ఎద్దు క్లోమరసముతో బ్రతికించిరి. ఆపై అరువది యేండ్లు ఆవుల, పందుల క్లోమములే రోగులకు దిక్కు. లెక్కలు వ్రాయువాడను గనుక నా దృష్టి ఒక యంకెపై నిలిచినది: ఒక్క పౌను ఇన్సులిన్‌కు సుమారు 8,000 పౌనుల క్లోమములు కావలసియుండెను! రోగులు పెరిగినకొలది కబేళాలును పెరుగవలెనా? పైగా ఆవనినను, పందియనినను మనదేశమున నెందరికో మనసొప్పదు. ప్రాణమా, నియమమా యను ధర్మసంకటము చిన్నది గాదు.

1978లో అమెరికాలో జెనెన్‌టెక్ సంస్థవారును, సిటీ ఆఫ్ హోప్ పరిశోధకులును ఈ చిక్కు విప్పిరి. ఇన్సులిన్ తయారీకి వలయు జన్యువును, అనగా ఆ వివరము వ్రాసియున్న పత్రమును, ఇ.కోలై అను బాక్టీరియాలో చేర్చిరి. ఈ జాతి మన ప్రేగులలో నుండునదే. అర్థమెరుగని లేఖకుడు తాటాకు గ్రంథమునకు నకలు వ్రాసినట్లు, అది తన కక్కరలేని పదార్థమును తయారుచేసిపెట్టును. ఆహారము సమృద్ధిగా నున్నచో ఇరువది నిమిషములకు ఒకటి రెండగును. ఆ లెక్కన పది గంటలకు నూరు కోట్లు దాటును. 1982లో అమెరికా ప్రభుత్వము ఆ మందును అనుమతించెను. సీసాపై ‘హ్యూమన్’ అని యున్నంత మాత్రమున అది మనిషి దేహమునుండి పిండినదని జంకవలదు. అచ్చు మనిషిది, వంట సూక్ష్మజీవిది.

ఇక మనవారి మాట. హెపటైటిస్-బి టీకాను తొలుత ఆ వ్యాధి గలవారి రక్తమునుండి తీసెడివారు. పిదప విదేశములలో ఈస్టు సాయమున చేసిరి గాని, ధర వందల రూపాయలు. నెల్లూరు సీమకు చెందిన కె.ఐ. వరప్రసాదరెడ్డిగారు 1993లో తల్లిగారి పేర హైదరాబాదున శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించి, 1997లో షాన్‌వాక్-బి టీకాను విడుదల చేసిరి. దీనిని చేసినది బాక్టీరియా గాదు, ఈస్టు; కల్లు పులియజేయుదానికి చుట్టము. ధర సుమారు 50 రూపాయలు! విద్య మనచేతికి వచ్చిననే గాని వెల దిగదని నేననుట అందుకే. నేడు ఈ వ్యాధికి టీకాను ప్రభుత్వమే శిశువులకు ఉచితముగా వేయించుచున్నది. తల్లినుండి బిడ్డకు వ్యాధి సోకవచ్చును గనుక తొలి మోతాదు పుట్టిన 24 గంటలలోపు పడవలెను. పురుడు, మైల యని జాగు చేయరాదు.

అన్ని మందులును ఇట్లు మారినవి గావు. రక్తము గడ్డకట్టకుండ నిచ్చు హెపారిన్ నేటికిని ముఖ్యముగా పంది ప్రేగులనుండియే వచ్చుచున్నది. 2008లో కల్తీ హెపారిన్ వలన అమెరికాలో మరణములు సంభవించినవి. ఇన్సులిన్ మాంసకృత్తు గనుక జన్యువు నిచ్చిన చాలును. హెపారిన్ చక్కెర జాతి గొలుసు. దాని నొక్కొక్క మెట్టుగా కూర్చుటకు పెక్కు ఎంజైములు కావలెను. ఆ ఎంజైములను బాక్టీరియాచేత చేయించి, పందితో పనిలేకుండ హెపారిన్‌ను కూర్చుటకు శాస్త్రజ్ఞులు ఇప్పుడు పాటుపడుచున్నారు.