జబ్బు పోయినా జాగ్రత్త పోవద్దు
(వార్షికోత్సవ సభలో షోలాపూర్ చేనేత సంఘం కార్యదర్శి ప్రసంగం)



మేము పెద్ద చదువులు చదివినోళ్లం కాదు, డాక్టర్లమూ కాదు. మా సంఘంలో జరిగిన ఒక తప్పు మీ ముందర ఒప్పుకోవాలని నిలబడ్డం.

ఇరవై రెండేండ్ల కింద మా సభ్యుని కొడుకు, అప్పుడు ఇరవై నాలుగేండ్ల పిలగాడు, బీజంలో గట్టి గడ్డ తగిలినా సిగ్గుతోని ఆరు నెలలు ఎవ్వరికీ చెప్పలేదు. నొప్పి లేదు కదా అనుకున్నడు. అది వృషణాల కేన్సర్. ఆపరేషన్ చేసి ఒక బీజం తీసేసిండ్రు, సిస్ప్లాటిన్ మందు ఎక్కించిండ్రు. సంఘం పొదుపు నిధి నుంచి సాయం చేసినం. బాగైంది, పెండ్లి కూడా అయ్యింది. మేము రిజిస్టర్‌లో 'ముగిసింది' అని రాసి పక్కన పెట్టినం.

ఆ తర్వాత అతని వేళ్లు తిమ్మిరెక్కి పోగులు అతకడం కష్టమైంది. పని మీద ధ్యాస లేదని మేమే తిట్టినం. మొన్న నలభై ఆరేండ్లకు గుండెపోటు. దవాఖానలో పాత చికిత్స కాగితం అడిగితే ఎవ్వరి దగ్గరా లేదు. ప్రాణం దక్కింది. బీపీ, బీడీలు కూడా కారణమన్నడు డాక్టరు. తిమ్మిరి మాత్రం పాత మందుదే అన్నడు.

ఆయన చెప్పినవి మీకు చెప్తున్నం. ఈ కేన్సర్ ఎక్కువగా 15 నుంచి 40 ఏండ్ల లోపు మగవాళ్లకు వస్తది. 1970లలో సిస్ప్లాటిన్ వచ్చినప్పటి నుంచి నూటికి 95 మంది దాకా బాగవుతున్నరు. క్రికెటర్ యువరాజ్ సింగ్‌కు 2012లో చికిత్స చేసింది ఇదే జాతి గడ్డకు, కాకపోతే ఆయనకు ఛాతీలో వచ్చింది. మళ్లీ మైదానంలో దిగి ఆడిండు కదా! కాబట్టి భయం వద్దు.

కానీ పడుచు వయసులో బాగైనోళ్లు ఇంకా నలభై, యాభై ఏండ్లు బతకాలె. కీమో మందులు, రేడియేషన్ తీసుకున్నోళ్లకు గుండె జబ్బు, ఇంకో చోట కేన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే కొంత ఎక్కువ. చెవుల్లో మోత, వేళ్ల తిమ్మిరి, కిడ్నీ నీరసం, మగ హార్మోను తగ్గడం కూడా ఉండొచ్చు. బ్లియోమైసిన్ అనే మందు ఊపిరితిత్తులను దెబ్బ తీయొచ్చు. మన ఇండ్లల్ల ఆడవాళ్లు బీడీలు చుడతరు, మగవాళ్లకు బీడీ చేతికందే దూరంలోనే ఉంటది. బాగైనోళ్లు మాత్రం దాన్ని ముట్టొద్దు.

చికిత్స కాగితాలు పాస్‌బుక్ లెక్క దాచుకోండి. ఏ జబ్బుకు ఏ డాక్టరు దగ్గరికి పోయినా చూపించండి. ఏడాదికోసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ పరీక్ష చేయించుకోండి. రెండో బీజాన్ని నెలకోసారి తడిమి చూసుకోండి. కొత్తగా చికిత్సకు పోయేటోళ్లు, పిల్లలు కావాలంటే వీర్యం ముందే దాచే సంగతి డాక్టరును అడగండి. పడుచు పిలగాండ్లకు ఒక్క మాట: గడ్డ తగిలితే సిగ్గుపడొద్దు నాయనా, అమ్మకో నాయనకో చెప్పు.

మేము రిజిస్టర్‌లో 'ముగిసింది' అన్న మాట కొట్టేసినం. ఏడాదికోసారి ఆ ఇంటికి పోయి 'పరీక్ష అయ్యిందా?' అని అడుగుతున్నం. మీ సంఘాలు కూడా అడగాలని మా మనవి.