త్వరణము – వేగము: రెండు కారుల పోలిక



పందెపుటెడ్లను మేపిన మీకు నేఁటి విషయము క్రొత్త కాదు. కదలినంతనే వడి నందుకొనుట యొక గుణము. ఎంత వడిగా పరుగెత్తఁగలదన్నది వేఱొక గుణము. మొదటిదానిని త్వరణమనియు, రెండవదానిని వేగమనియు శాస్త్రజ్ఞు లందురు.

విలువగల కారులలో తొలిమెట్టువంటివి రెండింటిని చూతము. ఇవి జర్మను సంస్థలవి. 2013వ సంవత్సరమున హంగరీ దేశపు కర్మాగారములలో తయారగుట ప్రారంభమైనది. ఆ సంస్థలు తెలిపిన లెక్క యిది. మెర్సిడెస్ బెంజ్ సి.ఎల్.ఏ. 250 కారు నిలిచినచోటినుండి గంటకు 100 కిలోమీటర్ల వేగమును 6.7 సెకనులలో నందుకొనును. దాని అత్యధికవేగము 240 కిలోమీటర్లు. ఆడీ ఏ3 సెడాన్, 1.8 లీటర్ల యంత్రము గలది, 7.3 సెకనులలో నందుకొనును, అత్యధికవేగము 235. భేదము 0.6 సెకను, 5 కిలోమీటర్లు.

ఈ స్వల్పభేదమునకై యువకులు వాదులాడుట నేను వినుచుందును. కాని 100 కిలోమీటర్ల వేగమున కారు సెకనునకు సుమారు 28 మీటర్లు పోవును. అడ్డముగా పశువు వచ్చినచో, కన్ను చూచి, కాలు బ్రేకుపైఁ బడుటకే దాదాపొక సెకను పట్టును. అంతలో 28 మీటర్లు గడచిపోవును. మఱియు వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిదప నిలుచుటకుఁ బట్టు దూరము నాలుగు రెట్లగును.

కావున మీ పిల్లలు కారు కొనఁబోవునపుడు, అది నూఱు నెంత త్వరగా నందుకొనునని మాత్రమే గాక, ఆ నూఱునుండి యెంత దూరములో నిలుచునని కూడ నడుగుమని చెప్పుఁడు. రోడ్డు దాటు ముసలివానికిని, పసివానికిని కావలసినది ఆ లెక్కయే.