మత్తుమందు అడిగే ప్రశ్న

మనస్సు గురించీ శరీరం గురించీ మాట్లాడుకోవడానికి నాచారంలో సభ పెట్టడం నాకు బాగా నచ్చింది. హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఒకరు కణాన్ని చదువుతారు, ఒకరు అన్నాన్ని. ఇక్కడి ఈఎస్ఐ ఆసుపత్రిలో కార్మికుడికి ఆపరేషన్‌కు ముందు మత్తు ఇస్తారు. మన చర్చ ఆ మత్తు దగ్గర మొదలుకావాలి.

మత్తు చరిత్రలో హైదరాబాదుకు పెద్ద పేరే ఉంది. 1888లో, మళ్లీ 1889లో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడ క్లోరోఫామ్ కమిషన్లు నడిపాడు. ఖర్చు ఆరో నిజాంది. రెండోసారి లాన్సెట్ వైద్య పత్రిక లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను పంపింది. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్ మొదట ఆపేది ఊపిరినే, గుండెను కాదు అని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లీవీ, గుండె నేరుగా కూడా దెబ్బతినగలదని చూపించి ఆ తీర్పును పడగొట్టాడు. ఊపిరా, గుండెనా అని ఇన్నేళ్లు వాదించుకున్నారు. మత్తులో ఉన్నంతసేపు మనిషి ఎరుక ఏమైందన్నది కమిషన్ పని కాదు, మన పని.

ఆకారం లేని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుందని 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ డెకార్ట్‌ను నిలదీసింది. తృప్తికరమైన జవాబు ఆయన చెప్పలేకపోయాడు. క్లోరోఫామ్ అదే ప్రశ్నను తిరగేసింది: సీసాలోని ఆవిరికి ఆత్మ ఎలా లొంగింది?

మన దార్శనికుల్లో చాలామందికి ఈ చిక్కు లేదు, గీతను మనస్సుకూ శరీరానికీ మధ్య కాక వేరేచోట గీశారు కాబట్టి. సాంఖ్యులకు మనస్సు, బుద్ధి, అహంకారం అన్నీ ప్రకృతి వికారాలే. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టుకు మనస్సు అణువంత ఇంద్రియం. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును పదిహేను రోజులు నీళ్ల మీద ఉంచి వేదం చెప్పమన్నాడు. అతనికి ఒక్క ఋక్కూ గుర్తురాలేదు. అన్నం తిన్నాక అన్నీ వచ్చాయి. తార్నాక మిత్రులు దీన్ని తమ పూర్వచరిత్రలో చేర్చుకోవచ్చు.

అసలు ఇబ్బంది అద్వైతికి. ‘హాయిగా పడుకున్నాను, ఏమీ తెలియలేదు’ అని లేచినవాడు అంటాడు కదా, సుషుప్తిలో సాక్షి ఉన్నాడనడానికి ఆ మాటే వారి ఆధారం. ఆపరేషన్ బల్ల మీద కళ్లు తెరిచినవాడు ‘ఇంకా మొదలుపెట్టలేదా?’ అంటాడు. హాయీ లేదు, గడిచిన కాలమూ లేదు. నైయాయికుడు మాత్రం బెదరడు. జ్ఞానం ఆత్మకు స్వభావం కాదు, మనస్సుతో కలిసినప్పుడు పుట్టే గుణం. కలయిక తప్పితే జ్ఞానమూ లేదంటాడు. నా మొగ్గు అటే. అయితే ఆ మొగ్గుకు మూల్యం ఉంది: ముక్తిలో ఆత్మకు మనస్సుతో కలయిక ఉండదు కాబట్టి అక్కడా ఎరుక ఉండదు. ఎరుకలేని ఆ ముక్తి శిలాత్వమేనని శ్రీహర్షుడు నైషధంలో చార్వాకుడి నోట వెక్కిరింపజేశాడు.

భౌతికవాదులూ తొందరపడొద్దు. మత్తుమందు మెదడులో ఏ ప్రోటీన్లను పట్టుకుంటుందో ఇవాళ కొంత తెలుసు. ఎరుకను ఆపడం తెలిసినంత మాత్రాన అది పుట్టే తీరు తెలిసినట్టు కాదు. 1995లో తత్వవేత్త చామర్స్ ‘కఠిన సమస్య’ అన్నది దాన్నే.

మధ్యాహ్నం సుషుప్తి మీద పత్రం ఉంది. వక్త నిద్రపోయినవాడి గురించే చెప్పి, మత్తులో ఉన్నవాణ్ని దాటేస్తే అధ్యక్షుడిగా గంట కొట్టే హక్కు నాకుంది.