నార సరే, జిగురు మాటేమిటి?



కొండపల్లి బొమ్మను చేతిలోకి తీసుకుంటే అంతా ఒకే కర్ర అనిపిస్తుంది. నిజానికి తెల్ల పొణికి కర్రతో తల, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ‘మక్కు’తో అతికిస్తారు. ఆ మక్కులో పొట్టు సత్తువ, చింతగింజ జిగురు. ఇలాంటి జోడీనే ఇంజనీర్లు కాంపోజిట్ అంటారు. జోడీలో పేచీ మాత్రం తరచూ జిగురుదే.

1907లో అమెరికాలో లియో బేక్‌లాండ్ ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో బేకలైట్ అనే రెసిన్, అంటే బిగుసుకునే జిగురు, తయారుచేశాడు. అందులో చెక్కపొడి కలిపి అచ్చులో వేడిగా నొక్కితే రాయిలా బిగుసుకునేది. పాత ఇళ్లలో నల్లటి కరెంటు స్విచ్చులు గుర్తున్నాయా? అదే సరుకు. ఉడికిన ఇడ్లీ మళ్లీ పిండి కానట్టే, బిగుసుకున్న ఈ రెసిన్ మళ్లీ కరగదు.

ఆ మొండితనం తూర్పు జర్మనీలో బాగా బయటపడింది. ఉక్కు రేకుకు కరువొచ్చి, 1957 నుంచి జ్వికావు పట్టణంలో ట్రాబంట్ కారుకు కొత్త తొడుగు వేశారు: సోవియట్ దేశం నుంచి వచ్చిన పత్తి వ్యర్థం, ఫినాల్ రెసిన్. తేలిక, తుప్పు బెడద లేదు. 1991 దాకా సుమారు 30 లక్షల కార్లు రోడ్డెక్కాయి. పాతబడ్డాక చూస్తే ఆ తొడుగు కరగదు, కాలిస్తే విషపు పొగ. లోపలున్నది పత్తే, అయినా మట్టిలో కలవదు! గాజుపీచును ఇలాంటి కరగని రెసిన్‌తో అతికించి చేసే గాలిమర రెక్కలకూ ఇదే తంటా.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగు కట్టలను నీళ్లలో ఊరబెట్టి నార ఒలుస్తారు. అలాంటి నారనే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో కలిపి కారు తలుపుల లోపలి పలకలు చేస్తున్నారు. ఇక్కడ జిగురు పాత్ర ప్లాస్టిక్‌దే; అది బెల్లం లాంటిది, వేడిచేస్తే మళ్లీ కరుగుతుంది. చిక్కల్లా, నార నీళ్లు పీల్చుకుంటుంది, ప్లాస్టిక్‌కు నీళ్లంటే గిట్టదు, రెండూ అంటుకోవు. అందుకే ల్యాబుల్లో నారను కాస్టిక్ సోడా నీళ్లలో ఉంచి, పైనున్న మైనం పోగొట్టి, గరుకు చేస్తారు. అప్పుడు పట్టు దొరుకుతుంది.

2021లో సీమెన్స్ గమేసా కంపెనీ గాలిమర రెక్కలకు మరో రెసిన్ వాడింది. రెక్క పని అయిపోయాక తేలికపాటి ఆమ్లంలో వేడిచేస్తే జిగురు విడిపోయి, పీచు చేతికొస్తుంది. అంటే అతికించేటప్పుడే విడదీసే దారి చూసుకున్నారన్నమాట.

కాబట్టి ఇకమీదట ‘ఇది నారతో చేసిన వస్తువండీ’ అని ఎవరైనా అంటే, మెచ్చుకునే ముందు ఒక్క మాట అడగండి: జిగురు ఏం వాడారు?