గడ్డి ధర తేలాకే ఫ్యాక్టరీ మాట
(మండల రైతు మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడు ఎక్కడికి పోయినా ఒక మాట వినబడుతోంది. వ్యవసాయ వ్యర్థాల నుంచి ఇథనాల్ తీస్తారట, రైతుకు అదనపు ఆదాయమట. ఇథనాల్ అనగానే మనకు దిలావర్‌పూర్ గుర్తొస్తుంది. 2024 నవంబరులో అక్కడి జనం రోడ్డు మీద బైఠాయించి ఫ్యాక్టరీ పనులు ఆపించారు. నీళ్లు, గాలి పాడవుతాయన్నది వాళ్ల భయం. ఆ భయం న్యాయమైనదే. అయితే ఈరోజు నేను చెప్పేది గింజల నుంచి తీసే ఇథనాల్ గురించి కాదు, గడ్డి నుంచి తీసేదాని గురించి.

బియ్యంలో, మక్కల్లో పిండి ఉంటుంది. దాన్ని పులియబెట్టడం సులువు. గడ్డిలో ఉండేది గట్టి పీచు. దాన్ని ముందు ఆవిరితో, ఆమ్లంతో మెత్తబరచాలి. తర్వాత ఎంజైములు వేసి చక్కెరగా మార్చాలి. ఆ తర్వాతే పులియబెట్టి, బట్టీ పట్టేది. అందుకే దీనికి ఖర్చెక్కువ.

హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ సంస్థ 900 కోట్లకు పైగా పెట్టి ఇలాంటి ఫ్యాక్టరీ కట్టింది. 2022 ఆగస్టు 10న ప్రారంభించారు. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీస్తామన్నారు. ఈ లెక్కను మన పొలం దాకా తెద్దాం. టన్ను గడ్డికి 150 లీటర్లు. ఎకరాకు రెండు టన్నుల గడ్డి అనుకుంటే 300 లీటర్లు. లీటరుకు 5 రూపాయలు మన చేతికొచ్చినా ఎకరాకు 1,500 రూపాయలు. మరి ఆ 5 రూపాయలు ఇస్తామని రాసిచ్చేవాళ్లు ఎవరు?

ఇలాంటి ఫ్యాక్టరీలకు 2019లో కేంద్రం జీవన్ యోజన అనే పథకం తెచ్చింది. ఒక్కో ఫ్యాక్టరీకి 150 కోట్ల దాకా సాయం. మద్దతు ధరల జాబితాలో మాత్రం గడ్డి లేదు.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మొన్నటి వానాకాలం కోతలప్పుడు బేలర్ మిషనాయన వచ్చి, "గడ్డి తీసుకుపోతా, నీ పొలం సాఫ్ అయితది, అదే నీకు లాభం" అన్నాడు. సరే అన్నాను. ఎండాకాలంలో బర్రెలకు మేత లేక అదే మనిషి దగ్గర కట్టకు 90 రూపాయలు పెట్టి కొన్నాను. డిసెంబరులో వ్యర్థమైన గడ్డి మే నెలలో సరుకైంది!

కాబట్టి ముందు మనం దాన్ని వ్యర్థం అనడం మానాలి. గడ్డి మన పశువుల తిండి. మన నేల తిండి కూడా. టన్ను వరిగడ్డిలో దాదాపు 25 కిలోల పొటాష్, ఐదారు కిలోల నత్రజని ఉంటాయి. మొత్తం ఊడ్చి పంపేస్తే ఆ మేరకు బస్తాలు కొనాల్సింది మనమే. అలాగని తగలబెట్టడమూ తప్పే. కాల్చినా పోయేది మన నేల బలమే.

ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. గడ్డి తేలిక, జాగా ఎక్కువ పడుతుంది. దూరం నుంచి తెస్తే లారీ కిరాయే మింగేస్తుంది. పానిపట్ అంత ఫ్యాక్టరీకి, మన లెక్కన, లక్ష ఎకరాల గడ్డి కావాలి. అదీ చుట్టుపక్కల నుంచే రావాలి. అంటే మనం లేకుండా ఆ ఫ్యాక్టరీ నడవదు. బేరం ఒక్కొక్కరం చేస్తే మిషనాయన చెప్పిందే ధర. సంఘంగా చేస్తే మనం చెప్పింది వింటారు.

అందుకని మన సంఘం నాలుగు డిమాండ్లు పెడుతోంది. అనుమతికి ముందే పొలం గట్టు మీద టన్నుకు ఎంతిస్తారో ఒప్పంద పత్రంలో రాయాలి. బేలర్లు దళారుల చేతికి కాకుండా సహకార సంఘాలకు సబ్సిడీపై ఇవ్వాలి. పశువులకు, నేలకు పోగా మిగిలిన గడ్డి ఎంతో గ్రామసభలో తేల్చి, అంతే తీసుకోవాలి. నీళ్లు ఎక్కడివి, మురుగు ఎక్కడికి పోతుందో ఊరి ముందు చెప్పాలి.

కౌలు రైతుల మాట మరవొద్దు. పంట వాళ్లు పండిస్తే గడ్డి పైసలు కూడా వాళ్లకే రావాలి.

మేం ఫ్యాక్టరీకి అడ్డం కాదు. మా గడ్డి ఉత్తగా పోవడానికి అడ్డం. వచ్చే కోతల్లోపు ప్రతి ఊళ్లో ఈ నాలుగు డిమాండ్ల మీద గ్రామసభ తీర్మానం చేయించండి. సెలవు.