ముగ్గుకు అవతలి వైపు

చుక్కలు కలుపుతుంటే మనసు కుదుటపడుతుంది. అదే ముగ్గు గడపలోంచి ఒకలా, వీధిలోంచి మరోలా కనిపిస్తుంది. అందుకే నేననేది, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో మీటింగు పెట్టినప్పుడు ముగ్గుపిండితో ఊరి పటం గీయించండి. స్త్రీ చెమటోడ్చే ప్రతి చేనులో ఒక చుక్క పెట్టించండి. ఆమె పేర పట్టా ఉంటేనే ఆ చుక్క చుట్టూ గీత తిప్పండి. ఇక అవతలి వైపు నిలబడి చూడండి, ఎన్ని చుక్కలు ఒంటరిగా మిగిలాయో!

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ 1940లలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కౌలు చేను నిలుపుకుంది. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమికి భార్యాభర్తలిద్దరి పేర హక్కుపత్రం ఇవ్వాలంటుంది. ఒంటరి స్త్రీ కుటుంబ పెద్దయితే ఆమె పేరనే ఇవ్వాలి. మిగిలిన చుక్కలను పట్టుకుని ఆఫీసు మెట్లెక్కుదాం.